నగర ఉన్నత పాఠశాలల్లో దీర్ఘకాలిక గైర్హాజరు: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

హాజరు బాధ్యుడు:

సభ్యులందరికీ నమస్కారం. ఒక పెద్ద నగరంలోని ఉన్నత పాఠశాలలో హాజరు వ్యవహారాలు చూసే బాధ్యతను ఈ విద్యా సంవత్సరం నాకు అప్పగించారు. మా పాఠశాల సగటు హాజరు 94 శాతం. కాగితం మీద అది చూడముచ్చటగానే ఉంది కానీ, ఏ తరగతిలో చూసినా రోజూ అవే బెంచీలు ఖాళీగా ఉంటున్నాయని ఉపాధ్యాయులు అంటున్నారు. సిబ్బంది సమావేశంలో మూడు ప్రతిపాదనలు వచ్చాయి. పూర్తి హాజరు ఉన్నవారికి ప్రశంసాపత్రాలు ఇవ్వడం మొదటిది. పది రోజులు మానిన ప్రతి విద్యార్థి ఇంటికీ హెచ్చరిక నోటీసు పంపడం రెండవది. అప్పటికీ మారనివారిని కొన్నాళ్ళు సస్పెండ్ చేయడం మూడవది. వీటిలో దేనితో మొదలుపెడితే ఫలితం ఉంటుందో, అసలు వీటితోనే మొదలుపెట్టాలో వద్దో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల మనిషి:

ముందుగా ఆ 94 శాతాన్ని పక్కన పెట్టండి. మీ పాఠశాలలో వెయ్యి మంది ఉన్నారనుకుందాం. వారిలో 800 మంది సగటున రెండున్నర శాతం పనిదినాలు మాత్రమే మానేసి, మిగిలిన 200 మంది ఒక్కొక్కరూ 20 శాతం పనిదినాలు మానేసినా మొత్తం సగటు సరిగ్గా 94 శాతమే వస్తుంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు దాదాపు వారానికొక రోజు బడికి రాకపోయినా మీ నివేదికలో ఆ సంగతి ఎక్కడా బయటపడదు. సగటు హాజరు అనేది పాఠశాలకు సంబంధించిన అంకె. మీకు కావలసింది విద్యార్థికి సంబంధించిన అంకె.

ఏ కారణం చేతనైనా సరే, తాను నమోదై ఉన్న పనిదినాల్లో 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ మానిన విద్యార్థిని దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కించడం ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతి. 180 రోజుల విద్యా సంవత్సరంలో అది 18 రోజులు, నెలకు సుమారు రెండు రోజులు. ఇంగ్లండ్ కూడా 2015 నుంచి ఇదే 10 శాతాన్ని గీతగా పెట్టుకుంది. అమెరికాలో 2015–16 సంవత్సరానికి ఫెడరల్ ప్రభుత్వం 15 రోజులను కొలతగా తీసుకుని లెక్కిస్తే 70 లక్షలకు పైగా విద్యార్థులు ఆ గీత దాటినట్టు తేలింది. ఉన్నత పాఠశాల స్థాయిలో ఆ వాటా ఐదుగురిలో ఒకరు. కోవిడ్ తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. అమెరికా మొత్తం మీద 10 శాతం కొలత ప్రకారం 2018–19లో సుమారు 15 శాతంగా ఉన్న దీర్ఘకాలిక గైర్హాజరు 2021–22 నాటికి సుమారు 28 శాతానికి చేరింది.

శాతంలో లెక్కించడం వల్ల ఇంకొక సౌలభ్యం ఉంది. బడి తెరిచి 20 పనిదినాలు గడిచేసరికి రెండు రోజులు మానిన పిల్లవాడు అప్పుడే గీత మీద ఉన్నాడని మీకు తెలిసిపోతుంది. పది రోజులు మానేదాకా ఆగి నోటీసు పంపితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పాత హెడ్‌మాస్టర్:

లెక్కలు బాగానే ఉన్నాయి కానీ, జ్వరం వచ్చి డాక్టరు చీటీతో సహా సెలవు పెట్టిన పిల్లనూ, ఏ కారణమూ లేకుండా రోడ్లు పట్టుకు తిరిగే కుర్రవాణ్ణీ ఒకే గాటన కట్టడం న్యాయమా? సెలవు చీటీ ఉన్న గైర్హాజరును వేరుగా చూడడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు.

లెక్కల మనిషి:

హెడ్‌మాస్టర్ గారూ, క్రమశిక్షణ కోసం అయితే మీరన్న తేడా అవసరమే. కానీ ఇక్కడ మనం వెతుకుతున్నది పోయిన పాఠాలను, తప్పు చేసినవారిని కాదు. ఆస్తమాతో 20 రోజులు మానిన పిల్లకు చీటీ ఉన్నంత మాత్రాన త్రికోణమితి వచ్చేయదు. పైగా చీటీ ఉన్నవారిని లెక్కలోంచి తీసేస్తే, సహాయం చేయడానికి అన్నిటికంటే సులువైన వర్గమే మన కళ్ళ ముందు నుంచి తప్పుకుంటుంది. పట్టికలో చేర్చేటప్పుడు అందరినీ చేర్చి, చర్య తీసుకునేటప్పుడు కారణాన్ని బట్టి విడదీస్తే మీ అభ్యంతరం కూడా తీరుతుందని అనుకుంటున్నాను.

తొమ్మిదో తరగతి టీచర్:

రోజుల లెక్క ఒక్కటే ఉన్నత పాఠశాలకు సరిపోదని నా అభిప్రాయం. ప్రాథమిక పాఠశాలలో పిల్లవాడు ఉదయం వస్తే సాయంత్రం దాకా ఉంటాడు. ఇక్కడ అలా కాదు. ఉదయం హాజరు పలికి, మూడో పీరియడ్‌లో మాయమై, ఆటల పీరియడ్‌కు మళ్ళీ కనిపించేవారు ఉంటారు. ఆఫీసు రికార్డులో వారు ఆ రోజంతా హాజరైనట్టే. అందుకే పీరియడ్ వారీ హాజరును తప్పనిసరిగా చూడాలి.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పాఠశాలల పరిశోధన బృందం 2007లో ప్రచురించిన నివేదిక ఈ విషయంలో ఎంతో ఉపయోగపడుతుంది. వారు నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి విద్యార్థులను పరిశీలించారు. అక్కడ ఉన్నత పాఠశాల ఆ తరగతితోనే మొదలవుతుంది. పిల్లవాడు సబ్జెక్టుల్లో తప్పుతాడా లేదా అన్నదాన్ని ఊహించడంలో ఎనిమిదో తరగతి పరీక్ష మార్కుల కంటే తొమ్మిదిలో తరగతులకు హాజరైన తీరు ఎనిమిది రెట్లు మెరుగ్గా పనిచేసిందని వారు తేల్చారు. ఒక సెమిస్టర్‌లో ఐదు రోజుల కంటే తక్కువ మానినవారిలో 87 శాతం మంది నాలుగేళ్ళలో చదువు పూర్తి చేస్తే, ఐదు నుంచి తొమ్మిది రోజులు మానినవారిలో 63 శాతం మందే పూర్తి చేయగలిగారు. మంచి మార్కులతో వచ్చిన పిల్లవాడు కూడా సెమిస్టర్‌లో రెండు వారాలు మానితే, తక్కువ మార్కులతో వచ్చి ఒక్క వారమే మానిన పిల్లవాడి కంటే ఎక్కువ సబ్జెక్టుల్లో తప్పుతున్నాడు.

అందుచేత మీ శక్తి పరిమితమైతే దాన్ని ప్రవేశ తరగతి మీద, మొదటి నెల మీద పెట్టండి. ఉన్నత పాఠశాలలో అడుగుపెట్టిన మొదటి వారాల్లోనే పిల్లలు "ఇక్కడ రాకపోయినా ఎవరూ అడగరు" అని నిర్ణయించేసుకుంటారు. ఎనిమిదో తరగతి దాకా ఒక క్లాస్ టీచర్ కనిపెట్టుకుని ఉండేవారు. ఇక్కడికి వచ్చాక ఏడుగురు ఉపాధ్యాయులు పాఠాలు చెబుతారు కానీ ఆ పిల్లవాడు ఫలానావారి బాధ్యత అన్న మాటే ఉండదు.

పాత హెడ్‌మాస్టర్:

మొదటి నెలలోనే పట్టుకోవాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ పట్టుకున్నాక ఏం చేస్తారు? చట్టం ప్రకారం పిల్లవాణ్ణి బడికి పంపడం తల్లిదండ్రుల విధి. ఆ విధిని గుర్తు చేయడానికి కూడా వెనకాడితే బడికి విలువేముంటుంది?

బడి కౌన్సెలర్:

గుర్తు చేయడం ఒకటి, శిక్షించడం ఒకటి. కాలిఫోర్నియాలో దీర్ఘకాలం బడి ఎగ్గొట్టే పిల్లల తల్లిదండ్రులపై జరిమానాలకు, జైలు శిక్షకు కూడా వీలు కల్పించే చట్టం 2011లో అమల్లోకి వచ్చింది. టెక్సస్‌లో అయితే ఏటా లక్షకు పైగా బడి ఎగవేత కేసులు కోర్టులకు వెళ్ళేవి. జరిమానా కట్టలేని కుటుంబాల పిల్లలు నేర న్యాయ వ్యవస్థలో చిక్కుకుంటున్నారన్న విమర్శ బలపడి, 2015లో అక్కడి శాసనసభ బడి ఎగ్గొట్టడాన్ని నేరాల జాబితా నుంచే తొలగించింది. కోర్టు వాయిదాకు వెళ్ళడం కోసం పిల్లవాడూ తల్లీ మరొక రోజు బడీ పనీ మానుకోవలసి వచ్చేదన్న సంగతి ఎవరైనా ఆలోచించారా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇక మీ మూడో ప్రతిపాదన సంగతి. బడికి రాలేదన్న కారణంతో పిల్లవాణ్ణి బడికి రావద్దని పంపేయడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. ఆర్కన్సాస్ రాష్ట్రం 2013లో దీన్ని చట్టం చేసి మరీ నిషేధించింది. నిషేధించాక కూడా కొన్ని బడులు ఆ అలవాటు మానుకోలేదంటే అది ఎంతగా పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు. దయచేసి ఆ ప్రతిపాదనను మీ సమావేశంలోనే కొట్టివేయించండి.

పట్టుకున్నాక ఏం చేయాలని హెడ్‌మాస్టర్ గారు అడిగారు. ముందు ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ బాల్ఫాంజ్, వాన్ బర్న్స్ 2012 నాటి తమ నివేదికలో బడికి రానివారిని మూడు రకాలుగా చూశారు. కొందరు రాలేరు. అనారోగ్యం, ఇల్లు తరచూ మారడం, చెల్లెళ్ళను చూసుకోవలసి రావడం, సంపాదన భారం వంటివి వారిని ఆపుతాయి. కొందరు రావడానికి ఇష్టపడరు. వేధింపు, భయం, అవమానం, తరగతిలో ఏమీ అర్థం కాకపోవడం వారిని తరిమేస్తాయి. ఇంకొందరు ఊరికే రారు. రాకపోతే వచ్చే నష్టమేమీ వారికీ ఇంట్లోవారికీ కనిపించదు. ఒకే నోటీసు ఈ ముగ్గురి ఇంటికీ వెళ్తే మూడో ఇంట్లో కొంత పని చేయవచ్చు. మొదటి ఇంట్లో అది బాధ పెడుతుంది. రెండో ఇంట్లో పిల్లవాడి భయానికి మరో భయం తోడవుతుంది.

ఒకప్పుడు బడికి రాని విద్యార్థి:

ఇన్నాళ్ళుగా ఈ వేదికలో చదవడమే తప్ప రాయలేదు. కౌన్సెలర్ గారి మాటలు చూశాక రాయాలనిపించింది. నేను ఉన్నత పాఠశాలలో ఉన్నప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా పని చేసేవాణ్ణి. ఉదయం బయలుదేరేసరికి ఆలస్యమయ్యేది. బడిలో ఒక నియమం ఉండేది. గంట కొట్టిన పావుగంటకు గేటు మూస్తారు, ఆ తర్వాత వచ్చినవారికి ఆ పూట ఆబ్సెంట్ వేస్తారు. క్రమశిక్షణ కోసం పెట్టిన నియమమే, కాదనను. కానీ ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఎలాగూ ఆబ్సెంటే పడుతుంది కనుక ఇక వెళ్ళడం ఎందుకని ఇంట్లోనే పడుకునేవాణ్ణి. ఒక పీరియడ్ పోవలసిన చోట రోజంతా పోయేది.

మరో సంగతి పెద్దవారు అంతగా గమనించరు. మానిన రోజుల కంటే తిరిగి వెళ్ళే రోజు కష్టంగా ఉంటుంది. వారం తర్వాత తరగతి గుమ్మంలో నిలబడితే పాఠం ఆపి, నల్లబల్ల మీద నుంచి తల తిప్పి, "ఓహో, దయచేశారా! ఇప్పటికి తీరిక దొరికిందన్నమాట" అనేవారు ఒక మాస్టారు. తరగతంతా నవ్వేది. ఆ మాటలో ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఆ నవ్వు గుర్తొచ్చి మరో రెండు రోజులు మానేసేవాణ్ణి. జరిగిపోయిన పాఠాల నోట్సు ఎవరినడగాలో తెలియదు, పోయిన పరీక్ష మళ్ళీ పెడతారో లేదో తెలియదు. ఎన్ని ఎక్కువ రోజులు మానితే తిరిగి వెళ్ళడం అంత అసాధ్యంగా తోచేది.

తొమ్మిదో తరగతి టీచర్:

మీరు రాసినందుకు ధన్యవాదాలు. హాజరు బాధ్యుడు గారు తమ పాఠశాలలో ముందుగా సరిచూసుకోవలసినవి ఈ రెండూ అనిపిస్తోంది: ఆలస్యాన్ని గైర్హాజరుగా మార్చే నియమం, తిరిగి వచ్చినవారిని ఆహ్వానించే తీరు. మా దగ్గర మూడు రోజులకు మించి మానిన విద్యార్థి వచ్చిన రోజున తరగతికి ముందే ఎవరో ఒక ఉపాధ్యాయుడు కలిసి, పోయిన పాఠాల్లో మరీ తప్పనిసరి అయినవి ఏవో గుర్తుపెట్టి ఇస్తారు. "అన్నీ రాసుకు రా" అంటే పిల్లవాడు మళ్ళీ రాడు. తరగతిలో అందరి ముందూ అడగకూడదన్నది మేము పెట్టుకున్న కట్టుబాటు.

లెక్కల మనిషి:

ఉదయపు ఆలస్యం గురించి ఒక మాట. కౌమారంలో నిద్ర వేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఉదయం 8.30 కంటే ముందు మొదలుకాకూడదని సిఫారసు చేసింది. సియాటిల్ నగరం 2016లో ఉన్నత పాఠశాలల వేళను 7.50 నుంచి 8.45కు మార్చింది. రెండు పాఠశాలల్లో విద్యార్థుల మణికట్లకు పరికరాలు కట్టి కొలిస్తే నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగింది. వాటిలో పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న పాఠశాలలో ఆలస్యాలు, గైర్హాజర్లు తగ్గాయి. రెండో పాఠశాలలో ఆ మార్పు కనిపించలేదు. కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి, ఉన్నత పాఠశాలలకు 8.30 నియమాన్ని 2022 జూలై నుంచి అమలు చేస్తోంది.

పాత హెడ్‌మాస్టర్:

వేళలు మార్చడం ఒక్క పాఠశాల చేతిలో ఉండే పని కాదు. బస్సులు, ఆటలు, తల్లిదండ్రుల ఉద్యోగాలు అన్నీ దాని చుట్టూ అల్లుకుని ఉంటాయి. చేతిలో ఉన్నవాటి గురించి మాట్లాడుకుందాం. ప్రశంసాపత్రాలైనా ఇవ్వవచ్చునా, లేక అవీ తప్పేనంటారా?

లెక్కల మనిషి:

తప్పని నేననను కానీ, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కాలిఫోర్నియాలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా చదువుతున్న 15,329 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక నెలంతా మానకుండా వస్తే పత్రం ఇస్తామని ముందే చెప్పిన బృందంలో సగటున హాజరేమీ పెరగలేదు. ఇదివరకు ఒక నెలలో పూర్తి హాజరు ఉన్నందుకు అనుకోకుండా పత్రం అందుకున్నవారిలో ఆ తర్వాతి హాజరు తగ్గింది. తాను అవసరమైనదాని కంటే ఎక్కువే చేశానని, తోటివారు అంతగా రావడం లేదని ఆ పత్రమే విద్యార్థికి చెప్పి ఉండవచ్చునని పరిశోధకులు వివరించారు. పైగా పూర్తి హాజరు పోటీలో దీర్ఘకాలికంగా మానే పిల్లవాడు మొదటి వారంలోనే ఓడిపోతాడు. మనకు కావలసినది అతడే కదా.

ఇద్దరు పిల్లల తల్లి:

ఉపాధ్యాయుల మధ్య నేను జోక్యం చేసుకుంటున్నందుకు మన్నించండి. నోటీసుల గురించి తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. మా పెద్దబ్బాయి రోజూ వేళకు బ్యాగు తగిలించుకుని బయలుదేరేవాడు. బడి నుంచి ఉత్తరం వచ్చేదాకా వాడు తరగతులు ఎగ్గొడుతున్నట్టు నాకు తెలియనే తెలియదు. ఆ ఉత్తరం కూడా మూడో నెల చివరలో వచ్చింది. అందులో సగం చట్టం సెక్షన్ల నంబర్లు, మిగిలిన సగం హెచ్చరికలు. వాడు ఏయే రోజులు రాలేదో, ఏ పీరియడ్లకు రాలేదో అందులో ఒక్క ముక్క కూడా లేదు. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. ఫోను చేస్తే "ఆ వివరాలు ఆఫీసులో ఉంటాయి" అన్నారు. ఆఫీసుకు వెళ్తే "క్లాసు టీచర్ని అడగండి" అన్నారు.

లెక్కల మనిషి:

అమ్మా, మీరన్నదానికి చాలా దగ్గరి ఫలితమే ఫిలడెల్ఫియాలో వచ్చింది. టాడ్ రోజర్స్, ఆవీ ఫెల్లర్ అనే పరిశోధకులు 28,080 కుటుంబాలతో జరిపిన ఆ ప్రయోగం 2018లో ప్రచురితమైంది. ఎక్కువగా మానే పిల్లల తల్లిదండ్రులు తమ పిల్లలు మానిన రోజులను బాగా తక్కువగా అంచనా వేస్తున్నారని, తమ పిల్లలు తోటివారి కంటే ఎక్కువేమీ మానడం లేదని నమ్ముతున్నారని తేలింది. ఏడాదిలో కొన్నిసార్లు, బెదిరింపు ఏమీ లేకుండా, "మీ అమ్మాయి ఇప్పటికి ఇన్ని రోజులు మానింది" అని తెలిపే ఉత్తరం పంపినంత మాత్రాన దీర్ఘకాలిక గైర్హాజరు పది శాతం లేదా అంతకంటే ఎక్కువగా తగ్గింది. అదే ఇంట్లోని ఇతర పిల్లల హాజరు కూడా మెరుగుపడింది. తోటి విద్యార్థులతో పోలిక జోడించడం వల్ల అదనపు లాభమేమీ రాలేదు. కనుక రెండో ప్రతిపాదనను పూర్తిగా వదిలేయనక్కరలేదు. నోటీసును సమాచారంగా మార్చి, ముందుగా పంపితే చాలు. కానీ అది నూటికి పదిమందిని మాత్రమే వెనక్కి తెచ్చే సాధనమని గుర్తుంచుకోవాలి. మిగిలిన తొంభై మందికి ఉత్తరం చాలదు.

హాజరు బాధ్యుడు:

సస్పెన్షన్ ప్రతిపాదనను వెనక్కి తీసుకునేలా చేయగలనని అనుకుంటున్నాను. పట్టిక కూడా విద్యార్థి వారీగా తయారుచేశాను. తీరా చూస్తే ఇరవై శాతానికి దగ్గరగానే గీత దాటినవారు ఉన్నారు. ఇప్పుడు నా సందేహం మనుషుల గురించి. ఆ మిగిలిన తొంభై మందితో మాట్లాడేది ఎవరు? మా కౌన్సెలర్లకు ఇప్పటికే ఊపిరి సలపని పని ఉంది.

బడి కౌన్సెలర్:

కౌన్సెలరే కానక్కరలేదు. న్యూయార్క్ నగరంలో 2010 నుంచి 2013 దాకా మేయరు కార్యాలయం నడిపిన కార్యక్రమంలో, గైర్హాజరు ఎక్కువగా ఉన్న పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక పెద్దవారిని తోడుగా కేటాయించారు. వారిలో స్వచ్ఛంద సేవకులు, పదవీ విరమణ చేసినవారు, బడి సిబ్బంది, పై తరగతుల విద్యార్థులు కూడా ఉన్నారు. మొదట 25 పాఠశాలలతో మొదలుపెట్టి తర్వాత వందకు పెంచారు. తోడు ఉన్న విద్యార్థులు, అలాంటి తోడు లేని అదే తరహా విద్యార్థులతో పోలిస్తే ఏడాదికి దాదాపు తొమ్మిది రోజులు ఎక్కువగా బడికి వచ్చారని మూల్యాంకనంలో తేలింది. వారు చేసిన పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఉదయం గేటు దగ్గర పలకరించడం, రాకపోతే ఆ రోజే ఇంటికి ఫోను చేయడం, వారానికోసారి హాజరు పట్టిక చూసి ప్రధానోపాధ్యాయుడి సమక్షంలో ఎవరికి ఏం కావాలో చర్చించడం. ఈ చివరిది లేకుండా మొదటి రెండూ ఎంతోకాలం నిలవవు. తోడుగా ఉన్న వ్యక్తికి "ఈ పిల్లవాడి ఇల్లు మారింది, బస్సు పాసు కావాలి" అని తెలిసినా, ఆ పాసు ఇప్పించగల అధికారి ఆ గదిలో లేకపోతే ఏం లాభం?

ఇళ్ళకు వెళ్ళడం కూడా పని చేస్తుంది, ఓపిక పడితే. కనెటికట్ రాష్ట్రం 2021లో మొదలుపెట్టిన ఇంటి సందర్శనల్లో, మొదటి సందర్శన తర్వాత తొలి నెలలో హాజరు సుమారు 4 శాతం పాయింట్లు, ఆరు నెలలు దాటాక సుమారు 15 శాతం పాయింట్లు పెరిగిందని అంచనా వేశారు. అక్కడ వెళ్ళినవారు హాజరు గురించి మందలించడానికి వెళ్ళలేదు. పరిచయం పెంచుకోవడానికి వెళ్ళారు.

తొమ్మిదో తరగతి టీచర్:

నగరాలకు ప్రత్యేకమైన సమస్య ఒకటి మిగిలిపోయింది, అది దారి. నగరాల్లో ఉన్నత పాఠశాల విద్యార్థులు తరచూ తమ పేట దాటి, రెండు బస్సులు మారి వస్తారు. బాల్టిమోర్‌లో ఉన్నత పాఠశాల మొదటి ఏడాది విద్యార్థుల మీద 2019లో వచ్చిన ఒక పరిశోధన, హింసాత్మక నేరాలు ఎక్కువగా జరిగే వీధుల్లో నడవవలసి లేదా బస్సు కోసం నిలబడవలసి వచ్చే పిల్లలు ఎక్కువగా మానుతున్నారని చూపింది. అలాంటి వీధి గుండా బస్సులో కూర్చుని వెళ్ళినప్పుడు ఆ ప్రభావం కనిపించలేదు. ఇక్కడ పిల్లవాణ్ణి ఎంత ప్రోత్సహించినా ఉపయోగం లేదు. బస్సు మార్గం గురించో, బస్ స్టాపు ఎక్కడుండాలన్న దాని గురించో రవాణా సంస్థతో మాట్లాడాలి. మీ పట్టికలో ఉన్నవారి చిరునామాలను ఒకసారి పటం మీద గుర్తుపెట్టి చూడండి. ఒకే మూల నుంచి పదిమంది రాకపోతుంటే కారణం ఇళ్ళలో లేదన్నమాట.

పాత హెడ్‌మాస్టర్:

ఈ పటం ఆలోచన నాకు నచ్చింది. నా కాలంలో ఎవరూ చేయలేదు. అయితే ఒక హెచ్చరిక. పైనుంచి హాజరు మీద ఒత్తిడి పెరిగిన చోటల్లా రిజిస్టర్లో రంగులు మారడం నేను చూశాను. రానివాడికి హాజరు వేయడం, ఎక్కువగా మానేవాడి పేరు కొట్టేసి వేరే బడికి వెళ్ళిపోయాడని రాయడం, ఇవి ఎవరూ చెప్పకుండానే మొదలవుతాయి. అమెరికాలో 2015 నాటి విద్యా చట్టం వచ్చాక సగానికి పైగా రాష్ట్రాలు దీర్ఘకాలిక గైర్హాజరును పాఠశాలల జవాబుదారీ కొలతల్లో చేర్చుకున్నాయని విన్నాను. కొలతతో పాటు తనిఖీ కూడా ఉండాలి. పేరు తీసేసిన ప్రతి విద్యార్థి నిజంగా ఏ బడిలో చేరాడో కాగితం చూపమని అడగాలి.

ఇంకొక మాట. మీరంతా ఏమనుకున్నా సరే, ఫోన్లు చేసి, ఇంటికి వెళ్ళి, అన్ని సాయాలూ అందించాక కూడా స్పందించని ఇల్లు ఒకటి రెండు ఉంటాయి. వాటికి చట్టపరమైన నోటీసు ఉండవలసిందే.

బడి కౌన్సెలర్:

చివరి మెట్టుగా ఉంటే నాకూ అభ్యంతరం లేదు హెడ్‌మాస్టర్ గారూ. దాన్ని మొదటి మెట్టుగా వాడడం మీదే నా పేచీ.

హాజరు బాధ్యుడు:

వచ్చే సోమవారం నుంచి ప్రవేశ తరగతిలో గీత దాటినవారి ఇళ్ళకు ఫోన్లు చేయాలని నిర్ణయించాము. కౌన్సెలర్లు, ఇద్దరు ఉపాధ్యాయులు, గ్రంథాలయ ఉద్యోగిని ఒకరు ముందుకొచ్చారు. వారిలో ముగ్గురికి ఇలాంటి ఫోన్లు చేసిన అలవాటు లేదు. ఏం మాట్లాడాలో ఒక నమూనా ఎవరైనా రాసిపెడితే మేలు చేసినవారవుతారు.

తొమ్మిదో తరగతి టీచర్:

మేము వాడేది ఇది. మీకు తగినట్టు మార్చుకోండి.

"నమస్కారమండీ, నేను ఫలానా బడి నుంచి మాట్లాడుతున్నాను. కంగారు పడవలసిందేమీ లేదు. మీ అబ్బాయి ఈ నెలలో నాలుగు రోజులు బడికి రాలేదు, అందులో మూడు సోమవారాలు. వాడు లేకపోతే తరగతిలో మాకు తెలుస్తుంది, అందుకే చేస్తున్నాను. ఎందుకు రావడం లేదో చెప్పగలరా? రేపు వాడు వస్తే నేను గేటు దగ్గరే కలుస్తాను. పోయిన పాఠాల సంగతి మేము చూసుకుంటాము."

ఆ తర్వాత మాట్లాడడం ఆపి వినాలి. కారణం చెప్పడానికి చాలామందికి కొంత సమయం పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనమే సలహాలు మొదలుపెడితే అసలు కారణం ఎప్పటికీ బయటికి రాదు. ఫోను పెట్టేశాక వారు చెప్పిన మాటలను వారి మాటల్లోనే రాసుకోండి. "ఆరోగ్య కారణం" అని ఒక గడిలో టిక్కు పెట్టి వదిలేయకండి.

ఇద్దరు పిల్లల తల్లి:

నాకు ఇలాంటి ఫోను వచ్చి ఉంటే బాగుండేది. ఒక చిన్న మార్పు సూచించవచ్చునా? "ఎందుకు రావడం లేదో చెప్పగలరా" అనగానే తల్లి మనసులో సంజాయిషీ మొదలవుతుంది. నేనైతే ఏదో ఒక అబద్ధమే చెప్పేదాన్ని.

బడి కౌన్సెలర్:

ఆమె చెప్పింది నిజం. ఆ వాక్యం తీసేసి, "ఉదయం బయలుదేరేటప్పుడు వాడికి ఏది కష్టంగా ఉంటోంది?" అని అడగండి. ఫోను తల్లిదండ్రులు పనిలో ఉండే వేళ కాక సాయంత్రం చేయండి. తల్లి ఒప్పుకుంటే, అదే ఫోనులో పిల్లవాడితో కూడా రెండు మాటలు మాట్లాడి, రేపు గేటు దగ్గర ఉండబోయేది ఎవరో పేరు చెప్పండి. ఆ పేరు గల మనిషి మర్నాడు తప్పకుండా అక్కడ ఉండాలి.